గంజి కోసం వచ్చిన పిల్ల

మీ ఉత్తరాలు – నా జవాబులు

పోయిన నెల ఒకమ్మాయి, పిల్లలకు చూపించదగ్గ సినిమా ఒకటి చెప్పండని అడిగితే ‘క్వీన్ ఆఫ్ కాట్వే’ పేరు రాసి, రెండు ముక్కల్లో తేల్చేశాను. దాని మీద 11 ఉత్తరాలు వచ్చాయి. నాలుగింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. కొత్తగా ఈ పేజీ చదువుతున్నవాళ్ల కోసం నా గురించి ఒక మాట: ప్రభుత్వ బడిలో 30 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది సికింద్రాబాద్‌లో. ప్రతి శనివారం సాయంత్రం మా చర్చి వెనక హాల్లో రసూల్‌పురా బస్తీ పిల్లలకు చదరంగం నేర్పుతాను. అందుకే ఈ సినిమాను నేను ఉత్త సినిమాలా చూడలేకపోయాను.

ప్రశ్న: వందనాలమ్మా. చర్చి యూత్ ఫెలోషిప్‌లో ఉన్నాను, ఐటీ ఉద్యోగం. ఏటా క్రిస్మస్‌కు దగ్గర్లోని బస్తీ పిల్లల్ని పిలిచి, పాటలు పాడించి, బిర్యానీ ప్యాకెట్, స్వెటర్ ఇచ్చి పంపిస్తాం. ఫొటోలు దిగుతాం. జనవరి వచ్చేసరికి వాళ్ల పేర్లు కూడా మాకు గుర్తుండవు. ఈసారి మీరు చెప్పిన సినిమా వేసి, ఆ తర్వాత నిలబడే పని ఏదైనా చేయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక యువకుడు, బోయిన్‌పల్లి

జవాబు: బాబూ, పేర్లు గుర్తుండవని రాశావే, అక్కడే మొదలుపెట్టు. ముందు ఆ సినిమా కథ చెబుతాను.

ఉగాండా రాజధాని కంపాలాలో కాట్వే అనే పెద్ద మురికివాడ ఉంది. అక్కడ మొక్కజొన్న కంకులు అమ్ముకునే పిల్ల ఫియోనా ముటేసి. తండ్రి పోయాడు. ఫీజు కట్టే దారి లేక బడి మానేసింది. ఒకరోజు తోబుట్టువు వెనకాలే దొంగచాటుగా వెళ్లి చూస్తే, ఒకాయన పిల్లలకు చదరంగం నేర్పుతూ కప్పుల్లో గంజి పోస్తున్నాడు. ఆ పిల్ల లోపలికి అడుగుపెట్టింది ఆ గంజి కోసమే. అప్పటికి తనకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. ఆట ఎలా ఉంటుందో కూడా తెలీదు.

గంజి పోసినాయన రాబర్ట్ కటెండే. ఇది కల్పించిన పాత్ర కాదు, నిజంగా ఉన్న మనిషి. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నాడు. ఇంజనీరింగ్ చదివాడు. ఆటల ద్వారా క్రీస్తు సేవ చేసే స్పోర్ట్స్ అవుట్‌రీచ్ అనే మిషన్ సంస్థలో చేరి కాట్వే పిల్లలకు ఫుట్‌బాల్ ఆడించేవాడు. కొందరు పిల్లలు ఆటలోకి దిగకుండా గీత అవతలే నిలబడి చూస్తుండేవాళ్లు. వాళ్ల కోసం 2004లో చదరంగం బోర్డు తెచ్చాడు. ఈ ఒక్క సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. 30 ఏళ్లలో నా తరగతి గదుల్లో గీత అవతల నిలబడ్డ పిల్లలు ఎంతమందో! వాళ్లకు ఆసక్తి లేదని నేను రిజిస్టర్‌లో రాసి వదిలేశాను.

సినిమాలో ఫియోనా వచ్చిన మొదటి రోజు మిగతా పిల్లలు కంపు కొడుతోందని వెక్కిరిస్తారు. తను కొట్లాటకు దిగుతుంది. కటెండే వెళ్లగొట్టడు. పోట్లాడేవాళ్లకు ఇక్కడ చోటుందన్నట్టు మాట్లాడతాడు. తర్వాత ఆ పిల్ల ఒళ్లు శుభ్రంగా తోముకుని వస్తుంది. మా పిల్లలు ఈ సీన్ దగ్గర ఎవరూ నవ్వలేదు. పక్కవాడి వాసన గురించి మాట రావడం వాళ్లకు కొత్త కాదు.

సినిమా ఇంగ్లిష్‌లో ఉంటుంది. నేను రిమోట్ పట్టుకుని, ఆపి ఆపి తెలుగులో చెబుతూ చూపించాను. రెండు గంటల సినిమా మాకు మూడు శనివారాలు పట్టింది. నువ్వూ అలాగే చెయ్యి. ఒకే రాత్రి ప్రొజెక్టర్ పెట్టి, మైకులో ప్రార్థన చేసి, అయిపోయిందనిపించకు. ఆపినప్పుడల్లా పిల్లలు మాట్లాడతారు. అసలు సంగతులు నాకు తెలిసింది అలా ఆపినప్పుడే.

ఇంకో సీన్ గురించి ముందే హెచ్చరిస్తాను. వాన పడి ఫియోనా వాళ్ల గుడిసెలోకి వరద వస్తుంది, చిన్న తమ్ముడు నీళ్లలో చిక్కుకుంటాడు. అది నడుస్తుండగా మా వాడొకడు, ఆరో తరగతి, చప్పుడు చేయకుండా లేచి బయటకు వెళ్లాడు. బాత్రూమ్‌కు వెళ్లాడనుకున్నాను. ఎంతకూ రాకపోతే వెళ్లి చూశాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. 2020 అక్టోబర్ వానలకు నాలా నీళ్లు వాళ్లింట్లోకి వచ్చినప్పుడు వాళ్ల నాయనమ్మను మంచం మీదే ఎత్తి బయటకు తెచ్చారట. ఆ సంగతి వాడు అప్పటిదాకా నాతో అనలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, నాకు రాలేదు కూడా. కాసేపటికి వాడే లేచి, “పాండి టీచరమ్మా, ఆ పిలగాడు బతికిండో లేదో చూద్దాం” అన్నాడు.

ఇక నువ్వడిగినది. నిలబడే పనికి కావలసింది నిలబడే మనిషి. నా తప్పు చెబుతాను విను. 2018లో పిల్లలతో పని బాగా ఊపు మీద ఉండగా, మిమ్మల్ని పోటీలకు తీసుకెళ్తానని చెప్పి, మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. మూడు నెలలు ఉండిపోయాను. హాలు తాళం ఎవరికీ అప్పగించలేదు, పిల్లలకు తేదీ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి 14 మందిలో ముగ్గురు మిగిలారు. మానేసినవాళ్లలో ఒకమ్మాయి కిరాణా కొట్టు దగ్గర ఎదురైతే, ఎందుకు రావట్లేదని అడిగాను. “నువ్వు గూడ పోతివి గదా” అంది. అందులో కోపం లేదు. తనకు అలవాటైన సంగతి చెప్పింది. తండ్రి పోయాడు, బడికి వచ్చే వాలంటీర్ అక్కలు ఏడాదికొకరు మారిపోయారు, నేనూ పోయాను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఇప్పటికీ ప్రార్థనలో ఆ పేరు తలుచుకుంటాను.

కాబట్టి మీ ఫెలోషిప్‌లో 30 మంది ఉత్సాహపడితే సంతోషమే కానీ, ఒక ఏడాది పాటు వారానికి ఒకే రోజు, ఒకే టైముకు తప్పకుండా వచ్చేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకో. నలుగురు తేలితే ఎనిమిది మంది పిల్లలతో మొదలుపెట్టండి. ఒక్కో పెద్దకు ఇద్దరు పిల్లలు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు హాల్లో ఉండాలి, తలుపు తీసే ఉండాలి, ప్రతి పిల్ల తల్లిదండ్రులనూ ఇంటికెళ్లి కలవాలి. పిల్లల్ని ఒంటరిగా బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లే పని ఎవరూ పెట్టుకోకూడదు, పాస్టర్‌గారైనా సరే. రాలేకపోతే ముందు వారమే చెప్పాలి. ఏం నేర్పుతారన్నది ఆ తర్వాతి మాట. చదరంగమే అక్కర్లేదు. మీలో గిటార్ వచ్చినవాడుంటే గిటార్, ఎక్కాలు వచ్చినవాడుంటే ఎక్కాలు.

ముందు కడుపు. నాలుగింటికి వచ్చే పిల్లలు బడిలో మధ్యాహ్నం తిన్న అన్నంతో ఉంటారు, సెలవు రోజైతే అదీ ఉండదు. మేం శనగ గుడాలు, అలసంద గుడాలు మార్చి మార్చి పెడతాం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెడితే 20 మందికి పెద్ద ఖర్చు కాదు. ఆట మొదలయ్యే ముందే పెట్టు. చివర్లో పెడతానంటే పిల్లల కళ్లు గిన్నె మీదే ఉంటాయి.

స్వెటర్లు మానెయ్యమని అనను. చలికి స్వెటర్ కావాలి. ఫొటోలు మాత్రం మానెయ్యండి.

ప్రశ్న: ఆ అమ్మాయి నిజంగా ప్రపంచ ఛాంపియన్ అయిందా? సినిమా తర్వాత ఏమైంది?
– ఇంటర్ విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: కాలేదమ్మా. గ్రాండ్‌మాస్టర్ కూడా కాలేదు. 2010లో రష్యాలోని ఖాంతీ-మాన్సీస్క్‌లో జరిగిన చదరంగం ఒలింపియాడ్‌లో ఉగాండా తరఫున ఆడింది. 2012లో ఇస్తాంబుల్ ఒలింపియాడ్‌లో ఆడాక ఉమన్ క్యాండిడేట్ మాస్టర్ టైటిల్ వచ్చింది. మన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది కదా, ఆ లెక్కన చూస్తే ఇది చిన్న టైటిల్. కానీ హంపికి చదరంగం ఇంట్లోనే ఉంది, నాన్నే కోచ్. ఆటలోకి వచ్చేనాటికి ఫియోనాకు చదవడమే రాదు. 2017లో అమెరికాలోని నార్త్‌వెస్ట్ యూనివర్సిటీలో డిగ్రీకి చేరింది. కంకులు అమ్మిన వీధి నుంచి అక్కడిదాకా! నాకు టైటిల్ కన్నా ఇదే పెద్దగా కనిపిస్తుంది.

నువ్వు అడక్కపోయినా ఇంకొకరి గురించి చెబుతాను. సినిమాలో ఫియోనాకు ఎత్తులు నేర్పేది తనకన్నా చిన్నపిల్ల, గ్లోరియా. అవతలి చివరి గడి దాకా నడిచిన బంటు పెద్ద పావుగా మారిపోతుందని చెప్పేది ఆ పిల్లే. ఇంగ్లిష్‌లో అది రాణి అవుతుంది, మనకు మంత్రి. మా పిల్లలు దీని మీద అరగంట వాదించుకున్నారు. ఆడపిల్లలంతా ఇకనుంచి రాణి అనే పిలుస్తామన్నారు, ఇప్పుడు మా హాల్లో రెండు పేర్లూ నడుస్తున్నాయి. గ్లోరియాగా వేసిన నికితా వలిగ్వాకు 2016లోనే మెదడులో కణితి ఉందని తెలిసింది. ఉగాండాలో తగిన సదుపాయం లేదంటే, దర్శకురాలు మీరా నాయర్ పూనుకుని, ఇండియాలో వైద్యం చేయించడానికి విరాళాలు అడిగింది. ఆ పిల్ల కోలుకుంది కూడా. తర్వాత కణితి మళ్లీ వచ్చింది. 2020 ఫిబ్రవరిలో, 15 ఏళ్ల వయసులో చనిపోయింది. ఈ సంగతి మా పిల్లలకు చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించి, చెప్పాను. ఆ రోజు వాళ్లు ఆట మొదలుపెట్టే ముందు ఒక తెల్ల బంటును కిటికీలో పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ప్రశ్న: సినిమా బాగుంది. నిర్మొహమాటంగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆకలితో ఉన్న పిల్లకు గంజి పోసి, ఆట నేర్పి, చివరకు తమ మతంలోకి తెచ్చుకోవడమేగా ఇలాంటి సంస్థలు చేసేది? సినిమా ఆ భాగాన్ని పలచన చేసి తీసిందనిపించింది. మీరు క్రైస్తవులు కనుక మీకిది తప్పుగా కనిపించకపోవచ్చు.
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట

జవాబు: అయ్యా, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది. పలచన చేశారన్నది నిజమే. కటెండేను అక్కడికి పంపింది మిషన్ సంస్థ. ఆయన తన విశ్వాసాన్ని దాచుకునే మనిషి కాదు. సినిమా తీసిన డిస్నీ వాళ్లు ఆ విషయాన్ని సన్నగా చేసి, మంచి కోచ్ కథగా మలిచారు. నాకు అది లోటుగానే అనిపించింది. ఆయన ఎందుకు ఆ మురికివాడ వదల్లేదో, ఇంజనీర్ ఉద్యోగం చేతికందుతున్నా ఎందుకు కాదన్నాడో తెలియాలంటే ఆయన దేవుణ్ని కూడా చూపించాలి. అప్పుడు మీ ప్రశ్న సినిమాలోనే ఎదురయ్యేది. ఎదురైతే మంచిదే.

అన్నాన్ని ఎరగా వాడేవాళ్లు ఉన్నారా? ఉన్నారు. లేరని నేననను. ఒకప్పుడు ఒక దాత మా క్లాసుకు ఏడాది ఖర్చంతా ఇస్తామన్నారు. షరతు ఏమిటంటే పిల్లలు వాక్యాలు కంఠస్థం చేయాలి, ఎంతమంది ప్రార్థనకు వస్తున్నారో నెలనెలా లెక్క పంపాలి. నేను వద్దన్నాను. మా కమిటీలో కొందరికి కోపం వచ్చింది. ఆరు నెలలు గుడాల ఖర్చు నా పెన్షన్‌లోంచే పెట్టాను.

నేను వద్దన్నది నా విశ్వాసం తక్కువై కాదు. యేసుప్రభువు 5 వేల మందికి రొట్టెలు పంచిన కథ మీరూ వినే ఉంటారు. పొద్దుగూకింది, జనాన్ని పంపించేద్దాం, ఊళ్లలోకి వెళ్లి కొనుక్కుంటారు అని శిష్యులంటే, మీరే పెట్టండి అన్నాడు. గడ్డి మీద కూర్చోబెట్టి పెట్టాడు. ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదు అని వరసలు విడదీయలేదు. ఆ రొట్టెలు కూడా ఒక చిన్న కుర్రాడి మూటలోవి. నాకు తెలిసిన సువార్త అది. దానికి షరతు తగిలిస్తే నా దేవుడి పేరు చెడగొట్టినట్టే.

మన మెదక్ చర్చి సంగతి మీకు తెలిసే ఉంటుంది. కరువు కాలంలో జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి పాస్నెట్ దొరగారు ఆ కట్టడం తలపెట్టారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. మా అమ్మమ్మవాళ్లది ఆ పక్క ఊరే. రాళ్లు మోసినవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఉన్నారని, కూలి మాత్రం అందరికీ ఒకటేనని ఆమె చెప్పేది. ఆ కాలంలో అన్నం కోసం మతం మారారని మాటపడ్డ కుటుంబాల్లో మాదీ ఒకటి. ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో నాకు తెలుసు. అందుకే మా పిల్లలకు అలాంటి మాట పడే అవసరం రాకూడదని నా పట్టుదల.

మా హాల్లో ముస్లిం పిల్లలు సగం, హిందూ పిల్లలు కొందరు, క్రైస్తవులు ఇద్దరో ముగ్గురో. హాలు తాళం తీసే ముందు నేను గుమ్మంలో ఒక నిమిషం కళ్లు మూసుకుని నిలబడతాను. ఏం చేస్తున్నావని పిల్లలు అడిగితే, మీకోసం నా దేవుణ్ని అడుగుతున్నానని నిజమే చెబుతాను. రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లల గుడాలు డబ్బాలో పెట్టి ఇఫ్తార్‌కు ఇంటికి పంపిస్తాం. ఏ సంస్థనైనా కొలవడానికి మీకు నా గుర్తు ఒకటి చెబుతాను. బొట్టు పెట్టుకుని వచ్చిన పిల్ల ఏడాది తర్వాత కూడా బొట్టుతోనే వచ్చిందనుకోండి, ఆ పిల్ల గిన్నెలో గంజి తగ్గిందా లేదా చూడండి. తగ్గితే మీ అనుమానం నిజం. తీరికుంటే ఒక శనివారం మా దగ్గరికే వచ్చి చూడండి. ఆట వచ్చినవాళ్లయితే మరీ సంతోషం, పెద్ద పిల్లలకు నా ఆట చాలడం లేదు.

ప్రశ్న: అమ్మా నమస్తే. నేను అపార్ట్‌మెంట్లలో వంట చేస్తాను. చదువు రాదు, మా పాప రాస్తోంది. పాప తొమ్మిదో తరగతి. ఏడాదిగా ఒక మేడమ్‌గారు ఫ్రీగా చదువు చెబుతున్నారు, పోటీలకు తీసుకెళ్తున్నారు. మంచిదే. కానీ పోయిన నెల వేరే ఊళ్లో పోటీకి వెళ్లి హోటల్లో ఉండి వచ్చాక మా ఇంట్లో తనకు నచ్చడం లేదు. బాత్రూమ్ బాగాలేదంటుంది, గిన్నెలు తోమనంటుంది, ఏ మాటకైనా ‘మా మేడమ్ అలా చెప్పలేదు’ అంటుంది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. పంపడం మాన్పించాలా? మీరు చెప్పిన సినిమా మేడమ్‌గారే పిల్లలకు చూపించారట.
– ఒక తల్లి, వారాసిగూడ

జవాబు: చెల్లెమ్మా, ఆ సినిమాలో మీరు ఉన్నారు. ఫియోనా వాళ్ల అమ్మ పేరు హారియెట్. లుపిటా న్యోంగో వేసింది. నేను సినిమా మూడుసార్లు చూశాను, మూడోసారి ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఈ ఆట ఏమిటో, ఈ మనిషి ఎవరో, నా పిల్లను ఎక్కడికి తీసుకెళ్తాడో అని ఆమె పడే భయం న్యాయమైనది. మొదట్లో ఇదేదో జూదమనుకుంటుంది. ఫియోనా వేరే దేశంలో పోటీకి వెళ్లి తిరిగొచ్చాక అచ్చం మీ పాపలాగే అవుతుంది. ఇంటి పని చేయబుద్ధి కాదు, కాట్వే ఇరుకుగా కనిపిస్తుంది. మంచి హోటల్ చూసి వచ్చిన పిల్లకు ఇల్లు కొన్నాళ్లు చిన్నదిగానే కనిపిస్తుంది. అది పొగరు కాదు, గుబులు. తను ఎక్కడి మనిషో తనకే తెలియని గుబులు.

ఇక్కడ తప్పు మా బోటి టీచర్లది కూడా. పిల్లను పోటీకి తీసుకెళ్లేటప్పుడు తల్లితో కూర్చుని మాట్లాడం. సంతకం పెట్టించుకుంటాం, అంతే. ఓసారి నేను మా పిల్లల్ని ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో పోటీకి తీసుకెళ్లాను. అక్కడ వాళ్ల బూట్లు, వాళ్ల టిఫిన్ డబ్బాలు చూసి మావాళ్లు ముడుచుకుపోయారు. తిరిగొచ్చాక ఒక పిల్ల వాళ్లమ్మ ఇచ్చిన చద్దన్నం తిననంది. ఆ తల్లి నా మీదికి కోపంగా వచ్చింది. “నా బిడ్డకు మంచి చేస్తున్నవా, నా నుంచి తీస్కపోతున్నవా?” అని అడిగింది. జవాబు లేకపోయింది నాకు. మరుసటి శనివారం రమ్మని బతిమాలాను. వచ్చింది, గోడకు ఆనుకుని రెండు గంటలు కూర్చుంది. మూడో వారానికి, గుర్రం ఎందుకు వంకరగా దూకుతుందని తనే అడిగింది.

మాన్పించకండి. కానీ మీరు కూడా వెళ్లండి. పనికి ఒకపూట సెలవు పెట్టైనా సరే, ఆ మేడమ్‌గారిని కలవండి. ఎక్కడ చెబుతారు, ఇంకా ఎవరెవరు ఉంటారు, పోటీకి వెళ్తే రాత్రి ఎవరి దగ్గర పడుకుంటారు, అన్నీ అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఫ్రీగా చెబుతున్నారని తగ్గి మాట్లాడొద్దు. మంచి మనిషైతే మీరు అడిగినందుకు సంతోషిస్తుంది. చిరాకు పడితే మాత్రం అప్పుడు ఆలోచించండి. పిల్లల విషయంలో ఏ అనుమానం వచ్చినా 1098కి ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. మీ మేడమ్ గురించి అనడం లేదు, ప్రతి తల్లి దగ్గరా ఆ నంబర్ ఉండాలి.

గిన్నెల సంగతి మాత్రం గట్టిగా ఉండండి. తోమాల్సిందే.

పాపా, ఇప్పటిదాకా అమ్మకు చదివి వినిపించావు కదా. ఇక్కడి నుంచి నీకు. నువ్వు రాసిన ఉత్తరంలో అమ్మ నీ మీద చెప్పిన ఫిర్యాదులు ఒక్కటి కూడా తగ్గించకుండా రాశావు. బాత్రూమ్ మాట, గిన్నెల మాట, మేడమ్ మాట, అన్నీ. నీ అక్షరాలు ఆ వాక్యాల దగ్గర కొంచెం వణికాయి కానీ దాటెయ్యలేదు. నీ మీద నాకు నమ్మకం అక్కడే కుదిరింది.

మీ మేడమ్ నీకు చదరంగం నేర్పుతోందో, క్విజ్ నేర్పుతోందో ఉత్తరంలో రాయలేదు. ఏదైనా సరే, ఈ ఆదివారం గిన్నెలు తోమడం అయ్యాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అందులో మొట్టమొదటి పాఠం నేర్పు. చదరంగమైతే రాజు, మంత్రి పక్కన పెట్టి ముందు బంట్లతోనే మొదలుపెట్టు. నిదానంగా చెప్పు, అమ్మ రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పు. ఏమైందో నాకు ఇంకో ఉత్తరం రాయి. ఈసారి అమ్మ సంతకం కూడా పెట్టించు, నువ్వే నేర్పి.